గులాబీలు తాగేసిన సిగ్నల్

జూన్‌లో కొలిచాను, షెడ్డు ఖాళీగా ఉన్నప్పుడు.
నైవాషా సరస్సు మీంచి చలిగాలి,
చేతిలో టాబ్లెట్, చెవి వెనక పెన్సిల్,
అడుగుకో చుక్క పెట్టుకుంటూ
శీతలగది ఈ మూల నుంచి ఆ మూలకి నడిచాను.
పటమంతా పచ్చగా వచ్చింది.
బిల్లిచ్చి, టీ తాగి, నకూరు బస్సెక్కాను.

ఫిబ్రవరి ఎనిమిదిన ఫోను.
"ఏడో వరుసలో స్కానర్లు మూగబోతున్నాయి లెమాయన్,
ఆమ్‌స్టర్‌డామ్ విమానం పదకొండింటికి."
మేనేజర్ బరాసా గొంతులో
ట్రాలీ చక్రాలు గీరుకుంటున్నాయి.

వెళ్లి చూస్తే
జూన్‌లో లేనిదొకటి ఉందక్కడ: పువ్వు.
నేల నుంచి నా తల దాటి బకెట్లు.
బకెట్లో నీళ్లు, కాడలో నీళ్లు,
విప్పని రేకు మడతలో దాచుకున్న నీళ్లు.
నీటికి నా తరంగమంటే దాహం.
కప్పు మీంచి నేను జారవిడిచిన మాటని
మొదటి వరుస ఎరుపు ఒక గుక్క,
మూడో వరుస పసుపు ఒక గుక్క,
ఏడో వరుసకి చేరేసరికి
గ్లాసు అడుగున మిగిలిన తడి.
అన్నానికి ముందు నడుం కొలిచి
బెల్టు కుట్టినవాణ్ణి నేను.

అది ఒక తప్పు.

రెండోది తెర మీద కనిపించింది.
మేం పెట్టిన పదకొండు పేర్ల మధ్య
మేం పెట్టని పన్నెండోది.
తాళం లేదు, గడియ లేదు,
పేరు "కరిబు".
స్వాహిలీలో, లోపలికి రండి అని.
వచ్చారు మరి.
వెనక గోడవారన బోడాబోడా కుర్రాళ్లు ఐదుగురు
బైకుల మీద కాళ్లు చాపి
ఒక్క ఫోనులో ఫుట్‌బాల్ చూస్తున్నారు.
వాళ్లు చూసేది బంతినే.
కానీ అదే దారిలో ఇంకో రెండడుగులేస్తే
కొనేవాళ్ల ధరలు, మా జీతాల పట్టీ,
శీతలగది మీట.

ప్యాకింగ్ బల్ల కింద
రబ్బరు బ్యాండ్ల డబ్బాలో దొరికింది,
ఒక కొమ్ము విరిగిన చిన్న రౌటర్,
పిల్లి పొట్టలా గోరువెచ్చగా.
"నాదే," అంది నెకేసా, కత్తెర ఆపకుండా.
"స్కాన్ పడని కట్ట కట్టని కట్ట కింద లెక్క.
మొన్న నాలుగు వందలు కట్టాను,
కాగితం మీద రెండు వందల తొంభై.
మీకు ఒకసారి చెప్పాం, బరాసాకి రెండుసార్లు చెప్పాం,
తర్వాత మా తమ్ముడికి చెప్పాను."

"స్కానర్ సెట్టింగులకి తాళం ఉంటుందే?"

"ఉంది. నాలుగు సున్నాలు."

కత్తెర ఆడుతూనే ఉంది.
ఆ నాలుగు సున్నాలు పెట్టింది నేనే,
తర్వాత మారుద్దాంలే అని,
బస్సు వేళైందని.

ఆ రాత్రి విమానానికి రెండు వందల పెట్టెలు తక్కువే వెళ్లాయి.
నేను నిచ్చెన దిగి నేల మీద మోకాళ్లూని
వరుసకో గుంజ, గుంజకో యాంటెన్నా కట్టాను,
పూల మీంచి కాక
పూల సందుల్లోంచి చూసేలా.
ప్రతి స్కానర్‌కీ దాని సొంత గుర్తింపు పత్రం,
అది చూపించందే మాట కలపని గోడ.
ఆరో గుంజ చెయ్యి వదిలేలోపు
ఏడో గుంజ అందుకుంటుందో లేదో
బకెట్లు నిండిన ట్రాలీ తోసుకుంటూ
పద్నాలుగుసార్లు తిరిగాను.
నెకేసా నా వెనకే నడిచింది,
నా పటాల్ని నమ్మడం మానేసిన మనిషి.
బీప్.
మళ్లీ వెనక్కెళ్లి, అదే కట్ట, బీప్.
ఇంకోసారి, అంది.

రిపోర్టులో "చొరబాటు ఎవరి వల్ల" అని ఒక గడి.
ఆమె పేరు రాయమన్నాడు బరాసా.
జూన్ పదిహేడు అని రాశాను.
అది పేరు కాదన్నాడు.
పేరే, అన్నాను.

రౌటర్ ఆమెకిచ్చేశాను,
తీగ మాత్రం నా సంచిలో వేసుకుని.
కొత్త అంకెలేంటని అడిగింది.
నేను నవ్వాను, ఆమె నవ్వలేదు.

నాలుగింటికి, ఇంకా చీకటి,
గేటు దగ్గర బోడాబోడా కుర్రాడొకడు
హెల్మెట్ దిండు చేసుకుని పడుకున్నవాడు లేచాడు.
"రాత్రి పెనాల్టీ దాకా వచ్చి ఆగిపోయిందన్నా.
పడిందా గోలు?"

తెలీదన్నాను.
బస్టాండు దాకా దింపుతావా అని అడిగాను.